చీనాలిపిలో బింబఫలము

చీనాదేశీయులు ఆపిలుపండును పిఙ్‌గువో యందురు. ఈ పేరు వ్రాయుటకు రెండు లిపులు కావలెను. అందు రెండవదియగు గువో యనునది ఫలసామాన్యమునకు వాచకము. దాని పైభాగము పొలమును దెలుపు లిపివలె నగపడును గాని యది పొలము కాదనియు, మ్రానిపై నున్న పండుయొక్క రూపమే యనియు నాదేశపుఁ బ్రాచీనకోశకారుఁడు షూ షెన్ స్పష్టముగాఁ జెప్పియున్నాఁడు. బౌద్ధగ్రంథములను జీనాభాషకుఁ దెచ్చినవారు హేతుఫలములలోని ఫలశబ్దమునకు సయితము దీనినే గ్రహించిరి. కావున దీనివిషయమున వివాదమునకుఁ జోటు లేదు. చిక్కంతయు మొదటిదియగు పిఙ్ అను లిపియందే యున్నది.

ఆ లిపి యిట్లుండును. పైని గడ్డిని దెలుపు గుఱుతు. దాని క్రింద పిన్ అని పలుకఁబడు మఱియొక లిపి. ఆ పిన్ అనుదానిలో నెడమప్రక్క నడకను, కుడిప్రక్క తలను దెలుపు నంగములు గలవు. ఇందు మ్రానును లేదు, పండును లేదు. ఇట్టిది చెట్టునఁ గాయు పండునకుఁ బేరెట్లయ్యె నను ప్రశ్నకు మూఁడువిధములగు సమాధానములు వినవచ్చుచున్నవి. లిపిని ముక్కలుగా విడఁదీసి యా ముక్కలనుండి యర్థమును గూర్చువారు కొందఱు. సంస్కృతమున ఆపిలుపండున కిదియే పేరని, 16వ శతాబ్దినాఁటి చీనావైద్యుని మాటను బట్టి, చెప్పువారు కొందఱు. పేరు భారతదేశమునుండి పోయినది గావునఁ బండును నిచ్చటినుండియే పోయియుండవలెనని సంతోషించువారు మఱికొందఱు. ఈ మూఁడును బరీక్షకు నిలువవు. పేరు సంస్కృతమే, కాని సంస్కృతమున నా పేరుగల పండు ఆపిలు గాదు, దొండపండు. దొండపండు పేరు ఆపిలున కెట్లు సంక్రమించెనో తెలిసికొన్నఁ గాని యీ లిపి యర్థము తేలదు.

మొదట లిపిభాగములను గూర్చి. షూ షెన్ క్రీ. శ. 100లో ముగించిన షువోవెన్ అను కోశమందు 9,353 లిపులను 540 మూలాంగములక్రింద వింగడించి, లిపులు పుట్టిన మార్గము లాఱని నిరూపించెను. వస్తువును జూచి గీచిన చిత్ర మొక మార్గము, గువో యట్టిది. అర్థమును సూచించు నంగమును, ధ్వనిని సూచించు నంగమును గలిసి లిపి యగుట వేఱొక మార్గము. చీనాలిపులలో నధికభాగ మీ తెగకుఁ జేరినవే. పిఙ్ అనునదియు నిట్టిదే. పైనున్న గడ్డి, యిది మొక్కలకు సంబంధించినదని చెప్పి యూరకుండును. క్రిందనున్న పిన్ ఉచ్చారణమును జెప్పి యూరకుండును. ఈ రెండవదానినుండియు నర్థమును బిండఁజూచుటయే మొదటిపక్షమువారి దోషము.

వారి వాదమునకుఁ బైకిఁ గొంత యందము లేకపోలేదు. పిన్ అను లిపికిఁ బ్రాచీనార్థము నీటియొడ్డు. అచ్చటి కేతెంచినవాఁడు దాఁటలేక కనుబొమలు ముడిచి నిలిచిపోవునని షూ షెన్ వివరణము. నడకయుఁ దలయు నందుండుట కిదియే కారణము. దీనిపై గడ్డి నుంచిన నొడ్డున మొలచు మొక్క యగును. నిజముగానే యీ లిపికి మొదటి యర్థ మొక నీటిమొక్క. నాలుగుదళముల యాకుతో నీటిపైఁ దేలు నీ మొక్క మన వైద్యగ్రంథములలోని సునిషణ్ణకమని వృక్షశాస్త్రజ్ఞులు గుర్తించిరి. చీనావారి ప్రాచీనగీతసంహితయగు షీజిఙ్‌లో దీనిని గోయుటయే విషయముగాఁ గల గీత మొకటి కలదు. అందును గోయఁబడు తావు సెలయేటి యొడ్డే. నిర్వచనమున కింతకంటె నేమి కావలెనని యడుగవచ్చును. అయినను షూ షెన్ కోశమును దెఱచి చూచిన నీ మేడ కూలును. అందు నీ మొక్క పేరు పిన్ అను నంగముతోఁ గాక, యతిథి యని యర్థముగల వేఱొక యంగముతో వ్రాయఁబడియున్నది. అతిథికిని నీటిమొక్కకును సంబంధ మేమి? ధ్వని యొక్కటియే. ఒడ్డైనను నతిథియైనను లేఖకుఁడు కోరినది దాని పలుకుబడిని గాని దాని యర్థమును గాదు.

నామములన్నియు ధాతుజములే యని శాకటాయనుఁడును, అన్నియుఁ గావని గార్గ్యుఁడును వాదించిన వాదమును యాస్కుఁడు నిరుక్తమునఁ దెలిపియున్నాఁడు. అక్షరసామ్యమో వర్ణసామ్యమో మాత్రమే యున్నను నిర్వచింపవలెనే కాని మానరాదని యాస్కుని మతము. వేదార్థనిర్ణయమున నది గొప్పసాధనమే. పరభాషనుండి వచ్చిన పండు పేరునకు మాత్ర మది పనికిరాదు. చీనాలిపులయెడ శాకటాయనుని మార్గము పట్టినవాఁడు లిపికొక కథ కల్పింపవలసివచ్చును. అట్టి కథలకు నాదేశమునఁ గొదవయును లేదు.

గడ్డిగుఱుతే యొక సాక్ష్యము. పీచు, బేరి, ఆల్బఖరా మొదలగు పండ్ల లిపులన్నిట మ్రానిగుఱుతు కలదు. ఆపిలుజాతికిఁ బ్రాచీననామమగు నాయ్ అను లిపియందును మ్రానే కలదు. మఱి పిఙ్ అనుదానికి గడ్డి యేల వచ్చెను? పరదేశపుఁ బేర్లను వ్రాయవలసినపుడు లేఖకులు ముందుగా ధ్వనికిఁ దగిన సామాన్యలిపిని గ్రహించి, తరువాత వస్తుజాతిని దెలుపు గుఱుతును దానికిఁ దగిలించుట పరిపాటి. మన మల్లికాశబ్దము మొదట మోలి యను ధ్వనిగల రెండు సామాన్యలిపులతో వ్రాయఁబడి, పిదప రెంటికిని గడ్డి చేరి, మల్లెజాతిపూలకు నేఁడు వ్రాయఁబడు రూపమును బొందెను. బౌద్ధుల మారుఁడును నిట్లే తనకొక లిపిని సంపాదించుకొనెను: తిరుగలిని దెలుపు లిపిలోని రాతిగుఱుతును దీసి భూతముగుఱుతు నుంచిరి. ఆ మార్పు లియాఙ్ వంశమునకుఁ జెందిన వూ చక్రవర్తి (పాలనము 502-549) చేసినదని ప్రతీతి. పిన్ మీఁది గడ్డియు నిట్టిదే. అయితే యిచ్చట నొక విశేషము సంభవించినది. పిన్‌మీఁద గడ్డి నుంచఁగా వచ్చినరూపము నీటిమొక్కకు వ్రాయఁబడుచుండిన ప్రాఁతలిపితో సరిపోయెను. కనుక నేఁటి నిఘంటువులలో నొక్కలిపికే నీటిమొక్క, ఆపిలు అను రెండర్థములు గనఁబడుచున్నవి. ఇది నానార్థశబ్దమని భ్రమింపరాదు. అర్థభేదమున శబ్దభేద మనెడు పక్షమున కింతకంటెఁ జక్కని యుదాహరణము దొరకదు; రెండు శబ్దము లొకే వస్త్రమును గట్టుకొన్నవి, అంతియే.

ఆపిలుజాతి చీనాదేశమునకుఁ గ్రొత్త గాదు. నాయ్ అనునది క్రీస్తుపూర్వపు హాన్‌కాలకవి సిమా షియాఙ్‌రు కృతియందే కానవచ్చును. లిన్‌ఛిన్ అని మఱియొక పేరు గలదు. జపానువారి రింగో యీ మాటయే. లిన్ అన వనము, ఛిన్ అనఁ బక్షి. పండు తియ్యగా నుండుటచేఁ దోఁటకుఁ బక్షులు వచ్చును గావున నా పేరని వివరణము. వచ్చుపక్షి యను నర్థమిచ్చు పర్యాయనామమును గూడఁ గల్పించిరి. పిమ్మట ఛిన్‌కు మ్రానిగుఱుతును దగిలించి, పక్షి చెట్టెక్కినట్లుగా వ్రాయసాగిరి. ఇవి మెత్తని చిన్నపండ్లు.

ఇఁక బింబశబ్దము. పిఙ్‌గువో యనునది పిన్‌పోగువో యను పెద్దపేరునుండి సంక్షిప్తమైనది. పిన్‌పో యనునది బింబశబ్దమున కక్షరానుకరణము. నేఁటి యుత్తరచీనా పలుకుబడినిబట్టి యీ మాట యొప్పుకొనుట కష్టముగాఁ దోఁచును. ఏలయన నా రెండు లిపుల మొదట నేఁడు వినఁబడునది ఘోషమగు బకారము గాదు, మహాప్రాణమగు ఫకారమునకు దగ్గఱగు ధ్వని. కాని 601లో లూ ఫాయెన్ కూర్చిన ఛియెయున్ అను ప్రాసకోశమునుబట్టి చూచిన నీ రెండును ఘోషబకారమునకుఁ జేరిన లిపులు. తరువాతి కాలమున నుత్తరదేశమున ఘోషస్పర్శములు నశించి, సమస్వరము గలచోట మహాప్రాణములుగా మాఱెను. కావునఁ దాఙ్‌కాలమునాఁటి యుచ్చారణము బిన్‌బా యని తేలుచున్నది. షాంఘై ప్రాంతపు మాండలికమున నేఁటికిని ఆపిలుపేరు బకారముతోనే వినఁబడును. బింబములోని మకారమునకు మాఱుగా నకార మున్నదే యని శంకింపవచ్చును. పరమందు బకార ముండఁగా నకారము పలుకుబడిలో నోష్ఠ్యమగుట యే భాషయందైన సహజము; అనుస్వారమునకుఁ బరసవర్ణమును విధించిన పాణినీయులకు దీనిఁ జెప్పనక్కఱ లేదు. ఇంతటితోఁ దృప్తిపడనివారికి వేఱొక దృష్టాంతము: మగధరాజగు బింబిసారుని పేరును జీనాగ్రంథములు వ్రాయునపుడు మొదటి రెండక్షరములకును నీ పిన్, పో యను లిపులనే వాడుట గలదు. అచ్చట నాపిలును లేదు, దొండయును లేదు, ధ్వనియే కలదు. వర్ణములను స్థానప్రయత్నములనుబట్టి వర్గములుగా నేర్పఱచుట చీనాశబ్దవేత్తలు బౌద్ధులద్వారా మనదేశమునుండి నేర్చినదే యగుటచే, వారి లెక్కనుబట్టి మన శబ్దమును బరీక్షించుట యుచితము కూడను.

బింబమన దొండ. కంచెలమీఁదను బొదలమీఁదను బ్రాఁకు తీఁగ. పచ్చిగా నున్నపుడు కూరకాయ, పండిన నెఱ్ఱనిది. అమరకోశమున దీనికి రక్తఫల యను పేరుండుటయే దీని గుణమును జెప్పుచున్నది. స్త్రీల యధరమునకుఁ గవులు దీనినే యుపమానముగాఁ బట్టిరి. మేఘదూతమున యక్షుఁడు తన ప్రేయసిని వర్ణించునపు డీ పండును విడువలేకపోయెను. ఓతు, ఓష్ఠ శబ్దములు పరమైనపుడు సమాసమునఁ బరరూపము వికల్పమని వార్తికమున విధింపఁబడఁగా, వ్యాఖ్యాతలకు వెంటనే తోఁచిన యుదాహరణము బింబోష్ఠ, బింబౌష్ఠ రూపములే. తెలుఁగునాట జోడు కుదురని దంపతులను జూచి కాకిముక్కునకు దొండపండని యెగతాళి సేయుటలోను నీ యెఱుపే యున్నది.

బౌద్ధు లీ యుపమానమును బుద్ధునకు మార్చిరి. మహాపురుషుని యెనుబది యనువ్యంజనములలోఁ బెదవులు బింబఫలమువలె నెఱ్ఱనై యుండుట యొకటి. హ్యుయాన్‌త్సాంగు 660లో నారంభించి 663లో ముగించిన మహాప్రజ్ఞాపారమితానువాదము 600 భాగముల గ్రంథము. అందు నీ యనువ్యంజనము వచ్చుచోట నాతఁడు పండుపేరు ననువదింపక పిన్‌పో యని ధ్వనిమాత్రమును నిలిపెను. తమదేశమున లేని వస్తువుల పేర్లను భాషాంతరీకరింపక యట్లే యుంచవలెనని యాతఁడు నియమము చేసికొన్నట్లు ప్రసిద్ధి; ఆ నియమమునకుఁ జెప్పఁబడు నుదాహరణము జంబూవృక్షము. బింబమును నా కోవలోనిదే. నియమము మంచిదే. దానివలన నొక చిక్కు పుట్టినది: దొండతీఁగను జూడని యుత్తరచీనాపాఠకునకు బుద్ధుని పెదవులు పిన్‌పోవలె నుండునని చెప్పిన, పిన్‌పో యెట్లుండునని యాతఁ డడుగకమానఁడు.

ఈ ప్రశ్నకుఁ దాఙ్‌కాలపు వ్యాఖ్యాతయగు హుయియువాన్, అవతంసకసూత్రపదములకు వివరణము వ్రాయుచు, నుత్తర మిచ్చెను. ఆ పండు ఈ దేశపు లిన్‌ఛిన్‌ను బోలియుండుననియు, మిక్కిలి ప్రకాశించు నెఱ్ఱనిదనియు నాతని మాట. ఈ కథకంతకు నిదియే కీలకస్థానము. హుయియువాన్ పిన్‌పో యనఁగా లిన్‌ఛిన్ యనలేదు; లిన్‌ఛిన్‌వంటి దనెను. అది సాదృశ్యము, తాదాత్మ్యము గాదు. తరువాత 1143లో ఫాయున్ కూర్చిన సంస్కృతపదకోశమున బింబమునకుఁ దమదేశమున షియాఙ్‌సి ఫలమని పేరనియు, నది యెఱ్ఱనిది, నిగనిగలాడునది యనియుఁ జెప్పఁబడెను. చీనావైద్యగ్రంథములలో షియాఙ్‌సి గింజ యనునది మన గురువిందగింజ. ఒకరికిఁ జిన్న ఆపిలు, ఒకరికి గురువిందను దలఁపించు పేరు. ఆకారముతో వారికిఁ బని లేదు, కోరినది యెఱుపే.

నైయాయికు లుపమానప్రమాణమును వివరించునపుడు గవయదృష్టాంతమును జెప్పుదురు. గవయము నెఱుఁగని నాగరకుఁడు, అది గోవును బోలియుండునని వనచరునివలన విని, యడవికిఁ బోయి, గోసదృశమగు మృగమును జూచి, యిదియే గవయపదవాచ్యమని గ్రహించును. ఇందు మూఁడంగములు గలవు: విన్నవాక్యము, అడవికిఁ బోవుట, చూచుట. చీనాదేశమున మొదటిది మాత్రమే యుండెను. హుయియువాన్ వాక్యము నతిదేశవాక్యముగా విన్నవానికి దొండతీఁగ యున్న పొదకడకుఁ బోవు మార్గము లేదు. కావున నాతఁడు తన తోఁటలోనే నిలిచి, యెఱ్ఱగా మెఱయుచున్న ఆపిలును జూచి, యిదియే పిన్‌పో యనెను. గవయమును వెదకఁబోలేక గోవునే గవయ మన్నట్లైనది. గౌణలక్షణగా నారంభించిన ప్రయోగము కొన్ని శతాబ్దులకు రూఢియై కూర్చుండెను. ఆలంకారికుల మాటలలోఁ జెప్పవలెనన్న, నుపమయం దుపమేయమున కుపమానమే పేరైపోయెను.

రూఢియైనకాలమును గొంతవఱకు నిర్ణయింపవచ్చును. మంగోలుల పాలనమున రాజాహారవైద్యుఁడై యుండిన హూ సిహుయి 1330లో రచించిన యిన్‌షాన్ జెఙ్‌యావ్ అను పథ్యగ్రంథమునఁ బండ్లలో పిఙ్‌పో యనునది చేర్పఁబడినది. అది తియ్యనిదనియు, దప్పి తీర్చుననియు, బట్టలపెట్టెలో నుంచిన సువాసన నిచ్చుననియు నాతఁడు చెప్పుచున్నాఁడు. బట్టలలో నుంచఁదగిన పండు దొండ గాదు. ఇచ్చట నుపమాన మొక్కటియు లేదు, బుద్ధుని పెదవియును లేదు. బజారులో దొరకు పండే కలదు. ఇచ్చట మొదటిలిపి సమతలమును దెలుపు పిఙ్ అగుటయు గమనింపఁదగినది: పదాంతనకారము కంఠ్యమగు ఙకారమగుట యప్పటికే జరిగియుండెను.

ఇఁక లీ షిజెన్ మాట. ఈతఁడు 1578లో ముగింపఁగా 1596లో నాన్‌జింగునఁ బ్రకటితమైన బెన్‌త్సావ్ గాఙ్‌ము చీనావైద్యమునకుఁ దలమానిక మనఁదగిన గ్రంథము. అందు నాయ్ పండును వర్ణించుచు, సంస్కృతమున దీనిని పిన్‌పో యందురనియు, ఉత్తరదేశీయులును నిప్పు డట్లే పిలుతురనియు, మంచిది, చక్కనిది యన్నట్లు దాని యర్థమనియు వ్రాసెను. ఇందు మధ్యనున్న వాక్య మమూల్యము. తనకాలపు వాడుకను దాను విని చెప్పినది. మొదటిది సత్యము గాదు. సంస్కృతకోశములలో బింబశబ్దమునకు దొండయు, మండలమును, ప్రతిమయు నర్థములుగాఁ గలవు గాని ఆపిలు లేదు. సంస్కృతవైద్యులు ఆపిలు నెఱుఁగనివారును గారు: 16వ శతాబ్దివాఁడగు భావమిశ్రుఁడు భావప్రకాశమున దానిని సేవఫలమని పేర్కొని, పిడికిలి ప్రమాణముగల రేఁగుపండని యెఱుకపఱచెను. సంస్కృతమున ఆపిలు బింబమే యైనచో నాతఁడు రేఁగును దెచ్చుకోవలసిన పని యుండెడిది కాదు. లీ షిజెన్ చెప్పిన మంచిది, చక్కనిది యను నర్థమును బింబశబ్దమున కేధాతువునుండియు రాదు. పెదవులను వర్ణించు వాక్యములలోని ప్రశంస పండుపేరునకు నంటుకొన్నది కాఁబోలు. ఉత్తరమున వాడుకలో నున్న పిన్‌పోయు, బౌద్ధగ్రంథములలోని పిన్‌పోయు నొకే శబ్దమగుటను బట్టి రెండును నొకే పండని యాతఁ డూహించెను. ఇన్నూఱు మూలికలను గాక వేయికి మించిన ద్రవ్యములను బరీక్షించిన మహావైద్యుఁ డొక పేరుదగ్గఱఁ బరీక్షను మానుట చోద్యమే.

ఎఱుపే సేతువనుటకు దక్షిణచీనాలో మంచి సాక్ష్యము గలదు. గ్వాంగ్‌డాంగు ప్రాంతమున పిన్‌పో యను పేరు ఆపిలునకుఁ గాక వేఱొక చెట్టునకుఁ జెల్లుచున్నది. అది మన కొండలలో బంకకై గీయు తపసిచెట్టు జాతిది. దాని కాయ తోలువలె దళసరియై, పండినపు డెఱ్ఱనై పగిలి, లోని నల్లని గింజను జూపును. ఫీనిక్సుకన్ను అను నర్థమిచ్చు పేరు దీనికిఁ గలుగుట యిందుచేతనే. తినఁబడునది యా గింజ. తీఁగయగు దొండకును, చలిదేశపు ఆపిలునకును, ఈ వేఁడిదేశపు గింజచెట్టునకును రుచిలోఁ గాని, యాకులోఁ గాని, పరిమాణములోఁ గాని పోలిక లేదు. ఉత్తరమువారును దక్షిణమువారును నెవరికి వారు తమ కంటఁబడిన యెఱ్ఱని కాయకు శాస్త్రములోని యా పేరు పెట్టుకొన్నట్లు దీనివలనఁ దోఁచును. లీ షిజెన్ చెప్పినది నిజమైనచో దక్షిణమువారి వాడుకకు సమాధానము లేదు.

పిన్‌పోగువో యనుదానిలో నడిమి పో యెట్లు పోయెను? 1621లో వాఙ్ షియాఙ్‌జిన్ కూర్చిన ఛున్‌ఫాఙ్‌పు అను వృక్షగ్రంథమున నీ పండునకు రెండక్షరముల పేరే, గడ్డిగుఱుతుగల లిపితో, వ్రాయఁబడియున్నది. అది యుత్తరదేశపుఁ బండనియు, యెన్, జావ్ ప్రాంతములది శ్రేష్ఠమనియు, లిన్‌ఛిన్‌పై నంటుకట్టుదురనియు నందుఁ గలదు. సంస్కృతమునను నామములలో నొక పదము లోపించుట గలదు: సత్యభామ భామ యగును, దేవదత్తుఁడు దత్తుఁ డగును. కాని యచ్చట లోపించునది యర్థవంతమగు పదము. బింబములోని బకారాకారములను దీసి బిమ్‌ఫల మన్నవాఁడు సంస్కృతమున లేఁడు. చీనాభాషయం దొక్కొక్క యక్షరమున కొక్కొక్క లిపి యుండుటచే నర్థములేని పరభాషాఖండము సయితము పదమువలెఁ గన్పట్టును. పదమువలెఁ గన్పట్టినది లోపమునకుఁ బాత్రమగును. మల్లికలోని కకారమును జీనాభాషకుఁ జేరునప్పటికే యుడిగినది గాని యది చెవి చేసిన లోపము. ఇది లిపి చేసిన లోపము.

మూఁడవపక్షమువారి సంతోషమును గూర్చి యెక్కువ చెప్పనక్కఱ లేదు. ఆపిలునకు జన్మభూమి టియాన్‌షాన్ పర్వతప్రాంతము. రష్యాదేశపు వృక్షశాస్త్రజ్ఞుఁడు వవిలోవు 1929లో ఆల్మా-ఆటా చుట్టును గల కొండలలో ఆపిలు వనములను జూచి యీ నిర్ణయమునకు వచ్చెను. తరువాతి జన్యుశాస్త్రపరిశోధనములును దానినే బలపఱచినవి. నేఁడు చీనాతోఁటలలోఁ బండు గట్టిపండ్లు పెక్కులు 19వ శతాబ్ది యుత్తరార్ధమునఁ బాశ్చాత్యులవలన షాన్‌డాంగు తీరమునకు వచ్చిన జాతులనుండి పెరిగినవి. పేరునుబట్టి వస్తువుయొక్క జన్మభూమిని నిర్ణయింపవచ్చునన్న సీతాఫలము రాముని కాలమునాఁటిది గావలెను; అది యమెరికానుండి వచ్చినది. మిరపకాయయు నచ్చటిదే, మిరియమునుండి దానికిఁ బేరు వచ్చినది గాని మిరియపుతీఁగనుండి మిరప పుట్టలేదు. అయినను బేరెన్నఁడును సాక్ష్యము గాదనుటయు నతివాదమే. హ్యుయాన్‌త్సాంగు 646లో ముగించిన తన యాత్రాగ్రంథమున, పంజాబులోని చీనభుక్తియను దేశమును వర్ణించుచుఁ, గనిష్కుని కాలమున నచ్చటఁ జీనాబందీ యొకఁడు నివసించెననియు, పీచు, బేరి పండ్ల నాతఁడే తెచ్చెననియు, అందుచే వానికిఁ గ్రమముగాఁ జీనానీ, చీనరాజపుత్ర యను పేర్లు గలిగెననియుఁ జెప్పెను. అచ్చటఁ బేరును వస్తువును గలిసి ప్రయాణము చేసినవి. పేరులోనే దేశము చెప్పఁబడినది. పిన్‌పో యనుదానిలో దేశము లేదు, ఎఱుపు మాత్రమే యున్నది. ఈ భేదమును జూడక రెంటినొక త్రాటఁ గట్టుటవలన వ్యాసములు పెరుగును గాని నిర్ణయము రాదు.

మిగిలినది లిపికి నీ శతాబ్దమునను గడచిన శతాబ్దమునను వచ్చిన మార్పు. 1956 మొదలు చీనాప్రభుత్వము జరిపిన లిపిసంక్షేపమున నా పెద్దలిపిని దొలఁగించి, గడ్డిక్రింద సమతలార్థకమగు పిఙ్ అను చిన్నయంగముగల వేఱొక లిపిని ఆపిలునకు నియమించిరి. ఆ చిన్నలిపియుఁ బ్రాచీనమే; షీజిఙ్‌లో లేళ్లు మేయు మొక్కకు నదియే పేరు. అది నీటిపైఁ దేలు నాచుమొక్క యని మావ్ వ్యాఖ్యానము. లేళ్లు మేయుచోటు పొలమని మూలమే చెప్పుచుండఁగా నీటిమొక్క యెట్లగును, అది మాచిపత్రివంటి యోషధి యని జెఙ్ షువాన్ వ్యాఖ్యానము. జెఙ్ షువాన్ పక్షమే యుక్తము. ఏదియైనను ఆపిలు గాదు. ఈ మార్పుతో బింబమును దెలుపు పిన్ అంగము లిపినుండియే మాయమయ్యెను. ఇప్పుడు సమతలార్థకమగు పిఙ్ శాంతివాచకమునందును నుండుటచే, క్రిస్మసు ముందురాత్రి చీనాపట్టణములలో ఆపిలుపండ్లను శాంతిఫలములని కానుక లిచ్చుకొనుట ప్రబలినది. శాకటాయనుని శిష్యు లింకను గలరు. 2013లోఁ బ్రకటితమైన సామాన్యలిపిపట్టికలో నీటిమొక్కకుఁ బిన్ అంగముగల లిపిని సంక్షిప్తరూపమున మరల నిలిపిరి. తైవాను, హాంకాంగులయందు మాత్రము ప్రాఁతలిపియే చెల్లుచున్నది. తైవానువారు దానిని నీటిమొక్కయెడ పిన్ అనియు, ఆపిలుయెడ పిఙ్ అనియుఁ జదువుదురు.